పాతరలో ముప్పై మూటల రాగులు

వల్లూరు,
4 సెప్టెంబర్ 2023

దాసప్పకు నీ వదిన నాగక్క చెప్పి రాయిస్తున్నది.

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా, "వదినా, అంగట్లో జనం ఉండారు, మళ్ళీ మాట్లాడతా" అంటావు. ఆ మళ్ళీ ఇంతవరకు రాలేదు. అందుకే కాగితం. దీన్ని మధ్యలో కట్ చేయలేవు. రాసేది నా కోడలు నేత్రావతి. ఆంధ్ర వైపు పిల్ల కాబట్టి తెలుగు అక్షరం వచ్చు. నా కొడుకు దేవరాజ్‌కు కన్నడమే వచ్చు, నాకు అదీ రాదు. నువ్వు మడకశిర హాస్టల్లో చదివినవాడివి, చదవడం రాదని తప్పించుకోలేవు. నేత్రావతి నా మాటలను బడి భాషలోకి మారుస్తుందంట. మార్చుకోమన్నాను. తిట్లు మాత్రం నేను చెప్పినట్టే రాయమన్నాను.

వాన లేదు. ఒక్క పదును పడి ఆగిపోయింది. కంచె బయట మిగిలిన చేలల్లో వేరుశెనగ జానెడు లేచి పండుబారింది. కంచె లోపల నీ సోలారు పలకలు మాత్రం బాగా పండుతున్నాయి, వాటికి వాన అక్కర్లేదు. దేవరాజ్ వారానికి ఆరు రోజులు వాటిని కడుగుతాడు. మనుషులకు కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది, పలకలకు ట్యాంకర్ రోజూ వస్తుంది. సరే, అది వేరే కత.

అసలు సంగతి ఇది. పాతర తెరవాలి.

మన పాతర చేనులో మీ నాయన తవ్వించిన పాతర నీకు గుర్తుండే ఉంటుంది. ఇద్దరు మనుషులెత్తు లోతు, లోపలంతా రాగిగడ్డి పేని తాపిన గోడ, మీద బండ. చేను సోలారుకు ఇచ్చిన ఏడాది, చివరి పంట ముప్పై మూటల రాగులు మీ అన్న అందులో పోయించాడు. బండ మీద ఎర్రమన్ను మెత్తాక ఆయన ఒక అరచెయ్యి అద్దాడు, నువ్వొక అరచెయ్యి అద్దావు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ తర్వాత చుట్టూ కంచె వచ్చింది. బండ ఉందని తెలిసి అక్కడ స్తంభం పాతలేదు. రెండు వరసల పలకల నడుమ అది అట్లాగే ఉంది.

నేను ఒక మాట ఇచ్చి ఉన్నాను. చేను ఇచ్చినప్పుడు మనకు ఏటా కౌలు వస్తుందన్నారు. చేను లేనివాళ్ళకేమి వస్తుంది? ఓబమ్మ నలభై ఏళ్ళు మన రాగులు కోసింది. బోరమ్మ, ఆమె మొగుడు చిన్నరంగప్ప, ఇంకా రెండిళ్ళవాళ్ళు మన కళ్ళంలో కూలిగింజలు కొలిపించుకుని బతికినవాళ్ళే. వాళ్ళు నా వాకిట్లో నిలబడి, "చేలన్నీ అద్దాలైతే మా కడుపుకేంది నాగక్కా?" అన్నారు. "చెడ్డ కాలమొస్తే పాతర తెరుస్తా. ముందు మీ నాలుగిళ్ళకు కొలిచినాకే మా ఇంటికి" అన్నాను. ఇది చెడ్డ కాలం. అందుకే తెరవాలి.

కంపెనీ ఆఫీసులో అడిగించాను. పహణీలో నీ పేరుంది, నీ ఒప్పుదల కాగితం కావాలన్నారు. ఇంకొకటి, మూసేటప్పుడు చెయ్యి అద్దినవాళ్ళు తెరిచేటప్పుడు ఉండాలి. మీ అన్న పోయాడు. మిగిలింది నీ చెయ్యే. వచ్చి నిలబడు.

రొట్టెల అంగడి ఒక్కరోజు మూస్తే బెంగుళూరు ఆకలితో చావదు.

నాగక్క వేలిముద్ర

*

బెంగుళూరు,
17 సెప్టెంబర్ 2023

అమ్మ పోయాక అమ్మ అయిన వదినకు దాసప్ప దండం పెట్టి రాసేది.

నీ ఉత్తరం అందింది. నేత్రావతి అక్షరం బాగుంది. చదువుతుంటే నీ గొంతే వినిపించింది, అంగట్లో నిలబడి ఉన్నవాణ్ణి కూర్చుండిపోయాను.

ఇప్పుడు రావడానికి వీలుపడదు వదినా. వినాయక చవితి, ఆ వెంటనే దసరా. ఇద్దరు పనివాళ్ళు ఊరికి పోయారు. పిండి పిసకడం, కాల్చడం, కవర్లో వేయడం అంతా నేనే. పొయ్యి ఒకసారి చల్లారితే మళ్ళీ వేడెక్కడానికి సగం రోజు పోతుంది.

పాతర సంగతి. ఎనిమిదేళ్ళయింది. పలకలు కడిగిన నీళ్ళు అక్కడే భూమిలోకి ఇంకుతాయి. లోపలి గింజ కుళ్ళి ఉంటుంది. ఉత్త పుణ్యానికి కంపెనీవాళ్ళతో గొడవెందుకు? ఓబమ్మవాళ్ళకు ఇప్పుడు రేషన్‌లో రాగులు, బియ్యం వస్తున్నాయి కదా. నీ మాటను వాళ్ళే మరిచిపోయి ఉంటారు.

ఇంకొక మాట, కోపం చేసుకోకు. నువ్వు రొట్టె అంటే ఎప్పుడూ తేలిక చేస్తావు. మన ఊర్లో రొట్టె అంటే జ్వరమొచ్చినవాడికి ఆసుపత్రికి తీసుకుపోయేది. ఇక్కడ అట్లా కాదు. పొద్దున ఆరు గంటలకు మా అంగడి ముందు నిలబడేవాళ్ళు జ్వరగాళ్ళు కారు. ఇటుకలు మోసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, ఆటోవాళ్ళు. సగంమంది మన పావగడ వైపువాళ్ళే. వాళ్ళకు సంగటి కెలికే పొయ్యి లేదు, కట్టె లేదు, వేళా లేదు. ఒక టీ, ఒక బన్ను. దాంతో మధ్యాహ్నం దాకా నిలబడతారు. ఒకడు ఒకసారి అన్నాడు, "అప్పా, నీ బన్ను లేకుంటే నేను మూడో అంతస్తు ఎక్కలేను" అని. అది కూడా అన్నమే వదినా.

హొసకోట బస్సులో ఒక పెట్టె పంపాను. రస్కులు, బన్నులు ఉన్నాయి. అందరికీ పెట్టు.

దాసప్ప

*

వల్లూరు,
1 అక్టోబర్ 2023

ఓరే దాసప్పా,

నీ పెట్టె వచ్చింది. బన్నులు వీధిలో పంచాను. పిల్లలు తిన్నారు. ఓబమ్మ ఒకటి పట్టుకుని నొక్కి చూసి, "ఇదేందే నాగక్కా, నొక్కితే పోతాది, వదిలితే వస్తాది, దీని లోపల గాలి తప్ప ఏముండాది?" అంది. అందరూ నవ్వారు. తిని, "మెత్తగా ఉండాదిలే. పండ్లు లేనోళ్ళకు దేవుడిచ్చినాడు" అని రెండోది కూడా అడిగింది. నీ తిండిని నేను తేలిక చేయడంలేదు. నువ్వు కాల్చే రొట్టె నిన్ను నిలబెట్టింది, సంతోషం. కానీ ముద్ద సంగతి వేరు. ముద్దను నమలం, మింగుతాం. అది కడుపులో కూర్చుని, పొద్దు గుంకేదాకా నాగలి పట్టిన చేతిని వదలనివ్వదు.

కుళ్ళి ఉంటుందన్నావు. మీ నాయన చెప్పేవాడు, గంజి కేంద్రాల కరువులో ఇదే పాతర పద్నాలుగేళ్ళకు తెరిస్తే గింజ నిన్న పోసినట్టు ఉండిందంట. ఆ పాతర చౌడు గట్టు మీద ఉంది, కడిగిన నీళ్ళు పల్లానికి పోతాయి. దేవరాజ్‌ను అడిగాను. "బండ కాడ పొడిగానే ఉండాదమ్మా" అన్నాడు. రోజూ అక్కడ తిరిగేవాడు వాడు, నువ్వు కాదు.

రేషన్ రాగులు చూశావా? నీళ్ళు పోస్తే సగం తేలతాయి. మిల్లు ఆడిస్తే పిండి బూడిదరంగులో వస్తుంది. ఓబమ్మ అది కెలికి ఒక ముద్ద నాకు తెచ్చి చూపించింది. గోడకు కొడితే అంటుకోలేదు, రాలిపోయింది.

వాళ్ళు మరిచిపోయి ఉంటారన్నావు. విను. పోయిన వారం కాఫీ తోటల మేస్త్రీ జీపు వేసుకుని వచ్చాడు. నాలుగిళ్ళవాళ్ళను పిలిచి, "ఈ ఏడాది ఎంతమంది?" అని అడిగాడు. చిన్నరంగప్ప నా వాకిటికి వచ్చాడు. నన్ను చూసి తల గోక్కున్నాడు. "అక్కా, పాతర తెరుస్తావా, మేమింక పొయ్యేదా?" అన్నాడు. "ఎందుకు పోతారు? మొన్న బోరమ్మ ఆ తోటల్లో జారి చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చింది చాలదా? ఉండండి. దీపావళిలోపల తెరుస్తాం. ఆరు నెలలు ముద్దకు ఇబ్బంది లేదు. అంతలోపల వాన పడుతుంది" అన్నాను. వాళ్ళు మేస్త్రీకి లేదని చెప్పి పంపారు. మేస్త్రీ పక్క ఊరినుంచి వేరేవాళ్ళను ఎక్కించుకుపోయాడు.

ఇప్పుడు తెలిసిందా? నా మాట మీద నాలుగిళ్ళు ఆగిపోయాయి.

పొయ్యి చల్లారుతుందని చెబుతున్నావు. మీ అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. నేను ఈ ఇంటికి వచ్చి నెల కూడా కాలేదు. రాగి గంజిలో వేలు ముంచి నీ నోట్లో పెట్టాను. ఇది పాతదని తీసేయకు.

అసలు సంగతి నాకు తెలుసు. పాతర తెరిస్తే చేను గుర్తొస్తుంది, చేను గుర్తొస్తే ఎవరు సంతకం పెట్టారో వీధి అంతా మాట్లాడుకుంటుంది. అదే నీ భయం. నేను చేను అడగడంలేదు. ఇరవై ఎనిమిదేళ్ళకు రాసిచ్చినదాన్ని నేనేం అడుగుతాను, నేనేమైనా అన్నేళ్ళు ఉంటానా? గింజ అడుగుతున్నాను.

కాగితం పంపు. చెయ్యి తీసుకుని రా.

నాగక్క వేలిముద్ర

*

బెంగుళూరు,
13 అక్టోబర్ 2023

వదినా,

మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది.

పాతరలో గింజ లేదు.

నువ్వు కూతురి కాన్పుకని కుందుర్పికి పోయి నెల ఉన్నావు చూడు, చేను ఇచ్చిన ఏడాదే. అప్పుడు నేను ఊరికి వచ్చాను. అంగడి పెట్టి ఏడాది కాలేదు, అద్దెకు తీసుకున్న పొయ్యిని దాని యజమాని ఎత్తుకుపోయాడు. పొయ్యి లేని రొట్టెల అంగడి ఉంటుందా? అన్న ముందు కూర్చుని ఏడ్చాను. నేను గింజ అడగలేదు, నీ మీద ఒట్టు. ఆయనే లేచాడు. "ఆ చేను రేపు కంచె లోపలికి పోతాది. ఆ గింజ ఎవురి కోసరమురా? పద" అన్నాడు. ఇద్దరమే బండ తొలగించి, మూడు రోజులు మోసి, టెంపోలో వేసి హొసకోట సంతకు తోలాం. ఆ గింజే నా పొయ్యి అయింది. ఈరోజుకూ అదే పొయ్యి.

మళ్ళీ బండ పెట్టి మన్ను మెత్తాం. ఆయనే నా చెయ్యి పట్టి అద్దించాడు. "మీ వదినకు చెప్పొద్దు. పాతర నిండుగా ఉండాదనుకుంటేనే ఆమెకు నిద్దర పడతాది. చెడ్డ కాలమొచ్చేలోపల నేనే ఏదో ఒకటి చెప్తా" అన్నాడు. చెప్పకుండానే పోయాడు. ఆయన మాట తీసుకున్నవాణ్ణి, నేనెట్లా చెప్పేది? నువ్వు వీధికి మాట ఇచ్చావని నాకు నీ మొదటి ఉత్తరం దాకా తెలియదు. అన్నకు తెలుసో లేదో, ఇప్పుడు అడగడానికి లేదు.

నమ్మకపోతే నువ్వే చూసుకో అని ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టి దీంతోనే పంపుతున్నాను. కానీ నీ కాళ్ళు పట్టుకుంటాను, వీధి ముందు తెరవొద్దు. నువ్వు, దేవరాజ్ పోయి చూసి మూసేయండి. కుళ్ళిపోయిందని చెప్పు. ఓబమ్మ ఇంటికి నేను ప్రతి నెలా ఏదో ఒకటి పంపుతాను.

నన్ను తిట్టు. అన్నను తిట్టకు.

దాసప్ప

*

వల్లూరు,
25 అక్టోబర్ 2023

నాయనా దాసప్పా,

నీ ఉత్తరం నేత్రావతి చదివి వినిపించింది. నీకు ఒంట్లో బాగాలేదన్నావంట, రాలేనన్నావంట, కానీ ఒప్పుదల కాగితం పెట్టావంట. పోయిన ఉత్తరంలో నిన్ను ఓరే అన్నాను, ఈరోజు నాయనా అంటున్నాను. ముసలిదాని నోరు అట్లాంటిది. ఒళ్ళు చూసుకో. మిరియాల కషాయం తాగు. ఎప్పుడూ ఆ పొయ్యి ముందు నిలబడొద్దు.

కాగితం పట్టుకుని నేనే ఆఫీసుకు పోయాను. గేటు దగ్గర మన బైలప్ప. మొన్నటిదాకా గొర్రెలు కాసినవాడు, ఇప్పుడు బూట్లు వేసుకుని కాపలా. "పాస్ ఉండాదా అవ్వా?" అన్నాడు. "నీ గొర్రెలు నా చేలో పడినప్పుడు నీకు పాస్ ఉండిందా?" అన్నాను. నవ్వి గేటు తీశాడు. లోపల ఇంజనీరు చిన్న పిల్లాడు, కన్నడమే మాట్లాడతాడు, మర్యాద ఉంది. భూమిలో రాగులు దాస్తారని అతనికి తెలియనే తెలియదు. రెండుసార్లు అడిగించుకున్నాడు. నవంబర్ ఐదు, ఆదివారం, ఒక పూట మాత్రం అని రాసిచ్చాడు. అందరూ తలకు టోపీ పెట్టుకోవాలంట.

నాలుగిళ్ళకు చెప్పాను. మొత్తం వీధికే చెప్పాను. బోరమ్మ చాటలు అలికింది. చిన్నరంగప్ప పాత సేరు వెతికి తోమించాడు. ఓబమ్మ తిరగలి రాయికి గంట్లు కొట్టించింది. "మిల్లులో ఆడిస్తే వేడికి రుచి పోతాది, మీ చేని రాగులు నేను చేత్తోనే ఇసురుతా" అంటోంది. నిలబడితే ఊగుతుంది, ఆమె విసురుతుందంట.

నీ చెయ్యి లేకుండా తెరవడం నాకు ఇష్టం లేదు. లేవగలిగితే రా. అందరిముందూ నీ చేత్తోనే మొదటి దెబ్బ కొట్టిస్తాను. నువ్వు రాకపోయినా తెరుస్తాను, నాలుగిళ్ళు ఆగి ఉన్నాయి కదా.

నాగక్క వేలిముద్ర

*

బెంగుళూరు,
2 నవంబర్ 2023

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

అంత రాశాను. కాళ్ళు పట్టుకున్నాను. నువ్వు ఒక్క మాట కూడా తిట్టలేదు, బాధపడలేదు. కషాయం తాగమన్నావు, పొయ్యి ముందు నిలబడొద్దన్నావు. వీధినంతా పిలిచి, చాటలు అలికించి, అందరిముందు నా చేత్తో మొదటి దెబ్బ కొట్టిస్తానన్నావు. ఇంత చల్లగా చంపడం నీకెప్పుడు వచ్చింది? తప్పు చేశాను, ఒప్పుకున్నాను. నాలుగు గోడల మధ్య చెప్పుతో కొట్టి ఉంటే సరిపోయేది. ఓబమ్మ, చిన్నరంగప్ప, వీళ్ళ ముందు నన్ను ఖాళీ గుంత ముందు నిలబెట్టాలనుకున్నావు. నన్ను సరే, పోయిన నీ మొగుణ్ణి కూడా నిలబెడతావా?

నేను రావడంలేదు. ఇక రాయను.

దాసప్ప

*

వల్లూరు,
16 నవంబర్ 2023

దాసప్పా,

ఇది కూడా నేత్రావతే రాస్తోంది. మధ్యలో ఆగి ఏడుస్తోంది, రాయి అని చెబుతున్నాను. ఈసారి ఒక్క మాట కూడా మార్చకూడదని, రాసిన ప్రతి తడవా చదివించుకుంటున్నాను.

నీ అక్టోబర్ ఉత్తరంలో ఏముందో నాకు నవంబర్ ఐదు దాకా తెలియదు. ఈ పిల్ల నాకు చదవలేదు. ఒంట్లో బాగాలేదని తన తలలోంచి తీసి చదివింది. ఎందుకని అడిగాను. "చదివితే మామను తల్చుకుని నువ్వు పడిపోతావనుకున్నానత్తా. తెరిచి ఖాళీగా ఉంటే ఎవురో దొంగలెత్తుకుపోయినారనుకుంటారు, మామ పేరు నిలబడతాదనుకున్నా" అంది. నీ నవంబర్ ఉత్తరం పాతర తెరిచిన తర్వాత అందింది, రెండూ వరసగా చదివించుకున్నాను. నేను నిన్ను చల్లగా చంపలేదు దాసప్పా. నాకు తెలియదు. చదువు రానిదాన్ని. మాట నాది, అక్షరం ఇంకొకరిది. నడుమ ఏది పోయిందో నాకు కనపడదు.

ఆ రోజు ఏమైందో చెబుతాను. నీకు తెలియాలి.

పొద్దున్నే అందరం పోయాం. గేటు దగ్గర పచ్చ టోపీలు ఇచ్చారు. ఓబమ్మ కొంగు మీద టోపీ పెట్టుకుంటే బోరమ్మ, "ఇంజనీరమ్మ వచ్చింది లెయ్యండి" అని అరిచింది. అంతా నవ్వుతూనే లోపలికి నడిచాం. పలకల నడుమ నీడ తప్ప ఏమీ పెరగని నేల. దేవరాజ్, చిన్నరంగప్ప మన్ను కొట్టి బండ జరిపారు. దేవరాజ్ తాడు కట్టిన డబ్బాలో దీపం పెట్టి దించాడు. ఒక మూర, రెండు మూరలు, ఇంకా లోతుకు. దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. ఇంజనీరు సేఫ్ అని చప్పట్లు కొట్టాడు. జనం కూడా కొట్టారు.

నేను చప్పట్లు కొట్టలేదు. నా వయసువాళ్ళకు తెలుసు. నిండు పాతరలో దీపం నిలవదు. గింజ లోపలి గాలినంతా తినేసి ఉంటుంది, దీపం మూరెడు దిగేసరికి గుటుక్కున ఆరుతుంది. ఒక పూట తెరిచిపెట్టి, గాలి మారాకనే మనిషి దిగాలి. దీపం ఆరలేదంటే అక్కడ గింజ లేదు. ఓబమ్మకు కూడా తెలుసు. ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూడలేకపోయాను. మిగిలినవాళ్ళు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

దేవరాజ్ దిగాడు. కాసేపటికి లోపలినుంచి, "అమ్మా, ఏమీ లేదు" అన్నాడు.

చిన్నరంగప్ప ఒక్క ఊపున బైలప్ప గల్లా పట్టుకున్నాడు. "గేటు కాడుండేది నువ్వే గదరా? యాడికి తోలినావు చెప్పు" అన్నాడు. "అవ్వా, నా బిడ్డల మీద ఒట్టు, నాకేమీ తెల్దు" అని బైలప్ప నా వైపు చూసి మొత్తుకున్నాడు. ఇంజనీరు ఫోన్ తీసి పోలీసులకు చేయబోయాడు. అప్పుడు ఈ పిల్ల నా చెవిలో చెప్పింది. మొత్తం చెప్పింది.

నేను ఏం చేయాలి దాసప్పా? నిజం చెబితే మీ అన్న దొంగ, నువ్వు దొంగ. చెప్పకపోతే బైలప్ప దొంగ. నిలబడి చెప్పాను. "వాన్ని వదులు రంగప్పా. ఎవురూ ఎత్తుకుపోలేదు. నేనే అబద్ధం చెప్పినా. దీంట్లో ఎప్పుడూ గింజ లేదు."

తర్వాత బోరమ్మ దగ్గరికి వచ్చి, "నీ మాట మీద మేస్త్రీని పంపించేసినాం గదే" అంది. గట్టిగా కూడా అనలేదు. ఓబమ్మ టోపీ తీసి నేల మీద పెట్టి పోయింది.

మీ అన్న నాకు ఎనిమిదేళ్ళు నిద్ర ఇచ్చాడు. ఆ నిద్రలో నేను నలుగురికి మాట ఇచ్చాను. నా నిద్ర పోతే పోయింది, వాళ్ళ పనికాలం పోయింది. మీ అన్నను తిట్టకన్నావు. తిట్టను. ఆయన పటం ముందు దీపం పెట్టడం మాత్రం మానేశాను, అది నాకూ ఆయనకూ సంబంధం. నీ పొయ్యి మీద కూడా నాకు కోపం లేదు. గింజ ఎక్కడ ఉన్నా ఎవరి కడుపుకో పోయింది, ఇటుకలు మోసేవాడి కడుపుకైనా సరే. కానీ అది ఇంకొకరి నోటిదగ్గరిది. ఆ ఒక్కటి నాతో చెప్పి ఉంటే, నేను ఎవరికీ మాట ఇచ్చేదాన్ని కాదు.

ఓబమ్మకు రోజూ సంగటి, ఊరుబిండి పచ్చడి పళ్ళెంలో పెట్టి పంపుతున్నాను. సాయంత్రానికి పళ్ళెం మూత పెట్టినట్టే ఆమె వాకిట్లో ఉంటుంది.

బోరమ్మ, చిన్నరంగప్ప వచ్చే గురువారం బెంగుళూరు బస్సు ఎక్కుతున్నారు. మీ అంగడికి దగ్గర్లోనే కట్టడం పనంట. పొద్దున ఆరు గంటలకు నీ ముందు నిలబడతారు. ఒక్కటే చెబుతున్నాను, ఇది నేను అడిగేది కాదు, నిన్ను పెంచిన చేతి ఆజ్ఞ. వాళ్ళ చేతికి బన్ను ఇచ్చేముందు నోటితో చెప్పు. "పాతర గింజ నేను తిన్నా, మా వదిన అబద్ధం చెప్పలేదు" అని. అంతే. తర్వాత వాళ్ళు కొడితే కొడతారు, ఉమ్మితే ఉమ్ముతారు, తుడుచుకో. నా మొగుడి పేరు నా నోట రానివ్వను. నీ పేరు కూడా రానివ్వలేదు. నీ పేరు నువ్వే చెప్పుకోవాలి.

నాగక్క వేలిముద్ర

*

బెంగుళూరు,
3 డిసెంబర్ 2023

వదినా,

నేత్రావతీ, ఇది మొత్తం చదువు. ఏదీ దాచకు.

వాళ్ళు వచ్చారు. పోయిన వారం, శనివారం పొద్దున. బోరమ్మ చెయ్యి ఇంకా వంకరగానే ఉంది, ఆ చేత్తోనే ఇసుక గంప ఎత్తుతుందంట. నేను తెల్లవారుజాము నుంచి ఆ మాటనే నోట్లో తిప్పుకుంటున్నాను. పిండి పిసుకుతూ చెప్పుకున్నాను, పొయ్యిలో పెడుతూ చెప్పుకున్నాను.

నన్ను చూడగానే చిన్నరంగప్ప ముఖం విప్పారింది. "దాసప్పా, ఊరోళ్ళు కనపడితే ప్రాణం లేచొస్తాది" అన్నాడు. కూర్చోమన్నాను. టీ పోశాను. నోరు తెరిచాను. అంతలో బోరమ్మ అంది, "మీ వదిన ఈ వయసులో అంత అబద్ధం ఎందుకు చెప్పిందో తెల్దప్పా. మీ అన్న అట్లాంటి మనిషి కాదు. నువ్వూ ఆయన తమ్ముడివే, ముఖం చూస్తానే తెలస్తాది."

చిన్నరంగప్ప బన్ను టీలో ముంచుకుని తిన్నాడు. "వేడిగా ఉండాదప్పా. యాడ చేస్తావు, ఈడనేనా?" అని లోపలికి తొంగి చూశాడు. పొయ్యి చూపించాను. చాలా పెద్దదని మెచ్చుకున్నాడు.

ఇక పనికి వేళయిందని లేచారు.

నేను చెప్పలేదు వదినా. వాళ్ళు రోజూ వస్తున్నారు. వచ్చిన ప్రతిరోజూ నేను వాళ్ళకు రెండు బన్నులు ఎక్కువ పెడుతున్నాను.

దాసప్ప